మధ్యలో దుకాణం లేని స్పీకర్: వినకుండా కొనేవారు దేన్ని నమ్మాలి?

స్పీకర్లు కొనాలంటే ఒకప్పుడు దుకాణానికి వెళ్లాల్సిందే. రెండు మూడు జతలు పక్కపక్కన పెట్టించి, తెలిసిన పాటలు వేయించుకుని, నచ్చిన జతకు బేరమాడి తెచ్చుకునేవారు. ఇప్పుడు మంచి పేరున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్ని కంపెనీ వెబ్‌సైట్ నుంచి తిన్నగా కొన్నవారి ఇంటికే వస్తున్నాయి. ధర తక్కువంటారు, వారంటీ ఎక్కువంటారు, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చంటారు. వాటిలో చాలావరకు నిజమే. కాకపోతే వినడం కోసమే ఉన్న వస్తువును వినకుండా ఎంచుకోవాల్సి రావడంతో తికమక మొదలవుతుంది. ప్రతి కంపెనీ పేజీలోనూ అవే విశేషణాలు, అవే అంకెలు, అవే మెరిసే ఫొటోలు. ఏది సమాచారమో, ఏది డప్పు కొట్టుకోవడమో విడదీయడానికి కొంచెం లోపలికి వెళ్లాలి.

క్లుప్తంగా

నేరుగా అమ్మినంత మాత్రాన మిగిలిన డబ్బు స్పీకర్ నాణ్యతలోకి చేరదు. చేరిందని చూపించే గట్టి ఆధారం అన్ని దిశల్లోనూ తీసిన కొలతలు. చిన్న పెట్టెలో లోతైన బాస్, ఎక్కువ సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత శబ్దం వస్తుందన్న కొలత) రెండూ కలిసి ఉండవు. సుమారు 300 హెర్ట్జ్ (సెకనుకు 300 కంపనాలు) దిగువన వినిపించే దాంట్లో గది వాటా చాలా పెద్దది. ట్రయల్ గడువు అంటే దుకాణంలో వినే అవకాశం ఇంటికి మారడమే కాబట్టి, దాని షరతులను కూడా ధరలో భాగంగానే లెక్కగట్టాలి.

ధర ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గదు

మామూలు దారిలో స్పీకర్ తయారీదారు నుంచి దిగుమతిదారుకో పంపిణీదారుకో, అక్కడి నుంచి దుకాణానికి, ఆ తర్వాత కొనేవారికి చేరుతుంది. ప్రతి మజిలీలోనూ కొంత లాభం కలుస్తుంది. ఆ లాభాలు ఒకదానిపై ఒకటి శాతాల లెక్కన పడతాయి కాబట్టి, లోపల ఒక విడిభాగానికి కొంచెం ఎక్కువ ఖర్చుపెడితే చివరి ధరలో అది కొన్ని రెట్లై కనిపిస్తుంది. మెరుగైన ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే భాగం) వాడాలా వద్దా అని కంపెనీ తటపటాయించేది ఇందుకే. మజిలీలు తగ్గితే ఆ గుణకం తగ్గుతుంది. అదే చివరి ధరకు పెట్టె లోపల ఎక్కువ ఖర్చుపెట్టే వీలు దొరుకుతుంది. నేరుగా అమ్మకానికి ఉన్న అసలైన బలం ఇదే.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో హెన్రీ క్లాస్ 1988లో కేంబ్రిడ్జ్ సౌండ్‌వర్క్స్ పెట్టి క్యాటలాగ్ ద్వారా, ఫోన్ ద్వారా స్పీకర్లు అమ్మాడు. తర్వాత జర్మనీలో నూబర్ట్, టాయ్ఫెల్, కెనడాలో యాక్సియమ్, అమెరికాలో ఎసెండ్ అకూస్టిక్స్, ఎస్‌వీఎస్, డెన్మార్క్‌లో బుకార్ట్, నార్వేలో అరెండాల్ లాంటివి ప్రధానంగా ఈ పద్ధతిలోనే పేరు తెచ్చుకున్నాయి. వీటిలో కొన్ని పెరిగాక దుకాణాల ద్వారా కూడా అమ్మడం మొదలుపెట్టాయి. దాన్నిబట్టి చూస్తే దుకాణం చేసే పనికి విలువ లేదనుకోవడం పొరపాటు. ఆ పనికి అయ్యే ఖర్చు మరోచోటికి మారుతుందంతే.

ఎక్కడికంటే, ముందుగా ప్రకటనలకు. దారిన పోయేవారికి కనిపించే అద్దాల షాపు లేనప్పుడు కొనుగోలుదారును వెతికి పట్టుకోవడానికి డబ్బు కావాలి. రెండోది, వెనక్కి వచ్చే సరుకు. ఒక్కో స్పీకర్ ఏడెనిమిది కిలోలు ఉంటుంది. రానూపోనూ రవాణా, దారిలో దెబ్బలు, తిరిగొచ్చిన జతను తగ్గింపు ధరకు అమ్ముకోవడం ఇవన్నీ కంపెనీ ఖాతాలోనే పడతాయి, అంటే కొత్త జత ధరలోకే వస్తాయి. మూడోది, సలహా. గది కొలతలు చెప్పి ఏది సరిపోతుందని అడిగితే జవాబిచ్చే మనిషి ఉండాలి. ఈ మూడూ పోగా మిగిలిందే స్పీకర్‌లోకి వెళ్లగలదు. అదైనా వెళ్లిందా లేక కంపెనీ లాభంగా మిగిలిందా అన్నది ధర చూసి చెప్పలేం. ‘దుకాణంలో అయితే దీని ధర రెండింతలు’ అనే వాక్యం చాలా పేజీల్లో కనిపిస్తుంది. దాన్ని పోల్చి చూడటానికి దుకాణంలో ఆ స్పీకర్ ఉండదు కాబట్టి ఆ వాక్యానికి ఆధారంగా విలువ లేదు.

చిన్న పెట్టెకు ఉన్న పరిమితి

బుక్‌షెల్ఫ్ స్పీకర్ అంటే ఎక్కువగా రెండు డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు, ఉన్న పెట్టె. బాస్ పలికే అయిదు నుంచి ఆరున్నర అంగుళాల వూఫర్, ఒక అంగుళం డోమ్ ట్వీటర్, వాటి మధ్య శబ్దాన్ని పంచే క్రాసోవర్. ఆ పంపకం చాలా మోడళ్లలో 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య జరుగుతుంది.

ఈ పరిమాణం ఫ్యాషన్ వల్ల వచ్చింది కాదు. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించిన అకూస్టిక్ రీసెర్చ్ నుంచి ఏఆర్-1 వచ్చేదాకా మంచి బాస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. మూసిన పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగులా వాడుకోవడంతో పెట్టె బాగా చిన్నదైంది. కానీ దానికి మూల్యం ఉంది. ఆ మూల్యాన్ని సూత్రంగా చెప్పినవాడు, కేఎల్‌హెచ్ అనే స్పీకర్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన ఆంటన్ హాఫ్‌మన్. చిన్న పెట్టె, లోతైన బాస్, ఎక్కువ సామర్థ్యం (అంటే ఎక్కువ సెన్సిటివిటీ) ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. తర్వాత నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ చేసిన లెక్కలు దీన్ని కచ్చితమైన అంకెల్లోకి తెచ్చాయి. అదే సామర్థ్యంతో బాస్ ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం ఫ్రీక్వెన్సీకి, దిగాలంటే పెట్టె ఘనపరిమాణం ఎనిమిది రెట్లు పెరగాలి. పెట్టెను పెంచకపోతే సెన్సిటివిటీలో సుమారు 9 డెసిబెల్స్ వదులుకోవాలి.

దీన్ని గుర్తుపెట్టుకుంటే ప్రకటనల్లో సగం వాటంతటవే తేలిపోతాయి. అయిదంగుళాల వూఫర్ ఉన్న చిన్న పెట్టెకు ‘35 హెర్ట్జ్ దాకా బాస్, 90 డెసిబెల్స్ సెన్సిటివిటీ’ అని రాస్తే, రెండింటిలో కనీసం ఒకదాన్ని అనుకూలమైన పద్ధతిలో కొలిచారని అర్థం.

ఇంకో పరిమితి వూఫర్ కదలికది. ఒకే స్థాయి శబ్దం కోసం ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ కోన్ (వూఫర్‌లో కదిలే గరాటు ఆకారపు పొర) నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటర్ కదిలితే సరిపోయే చోట, పెట్టె సహాయం లేకుండా 40 హెర్ట్జ్ దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కావాలి. పోర్టు (పెట్టెకు పెట్టే గాలి గొట్టం) ఉన్న స్పీకర్లలో ఒక ఇరుకైన పరిధిలో ఆ భారాన్ని పోర్టు మోస్తుంది. ఆ పరిధికి దిగువన మాత్రం వూఫర్‌కు పట్టు పోతుంది. అందుకే తక్కువ శబ్దంలో 45 హెర్ట్జ్ దాకా చక్కగా దిగే చిన్న స్పీకర్ శబ్దం పెంచగానే వక్రీకరణలో పడుతుంది, లేదా పోర్టులో గాలి చప్పుడు వినిపిస్తుంది. బాస్ ఎంత లోతుకు వెళ్తుందన్న ప్రశ్నతోపాటు, ఎంత శబ్దం దగ్గర వెళ్తుందన్నది కూడా అడగాలి. స్పెసిఫికేషన్ షీట్లలో ఈ రెండో ప్రశ్నకు జవాబు దాదాపు ఉండదు.

చిన్న పెట్టెతో రాజీపడే తీరు కూడా డిజైనర్‌ను బట్టి మారుతుంది. 1970లలో బీబీసీ తన ప్రసార వాహనాల కోసం తయారు చేయించిన ఎల్‌ఎస్‌3/5ఏ మూసిన పెట్టె. సెన్సిటివిటీ సుమారు 82, 83 డెసిబెల్స్ మాత్రమే. అసలైన లోతు బాస్ లేదు. 100 హెర్ట్జ్ పైన కొంచెం ఉబ్బు ఉండటంతో లేనిది ఉన్నట్టు అనిపిస్తుంది. మనిషి గొంతును అది పలికించే తీరుకు ఇప్పటికీ అభిమానులున్నారు. ఏది వదులుకున్నారో తెలిసి వదులుకున్న డిజైన్‌కు అది మంచి ఉదాహరణ.

సబ్‌వూఫర్ (లోతు బాస్ మాత్రమే పలికే విడి స్పీకర్) కలిపే ఆలోచన ఉన్నవారికి ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. 80 హెర్ట్జ్ దిగువ భారం సబ్‌వూఫర్ తీసుకుంటే బుక్‌షెల్ఫ్ వూఫర్‌కు ఊపిరి ఆడుతుంది. అప్పుడు ‘ఎంత లోతుకు దిగుతుంది’ అన్న అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

ఎదురుగా ఒకటి, పక్కలకు ఒకటి

నాణ్యత తేలేది ఎక్కువగా ఇక్కడే, చాలా పేజీలు దాటవేసేదీ ఇక్కడే.

గదిలో కూర్చుని వింటున్నప్పుడు చెవికి చేరే శబ్దంలో స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది ఒక భాగం. పక్క గోడలకు, నేలకు, పైకప్పుకు తగిలి కొన్ని మిల్లీసెకన్ల తర్వాత వచ్చేది మరో భాగం. మెదడు రెండింటినీ కలిపి ఒకే శబ్దంగా వింటుంది. నేరుగా వచ్చేది సమంగా ఉండి, పక్కలకు వెళ్లేది ఎగుడుదిగుడుగా ఉంటే గోడల నుంచి తిరిగొచ్చే శబ్దపు రంగు వేరుగా ఉంటుంది. గొంతులు కాస్త గరుకుగానో, ముక్కుతో పాడినట్టుగానో వినిపిస్తాయి. ఈక్వలైజర్‌తో దీన్ని పూర్తిగా సరిచేయలేం. ఎదురుగా ఉన్నదాన్ని తగ్గిస్తే పక్కలదీ అంతే తగ్గుతుంది, రెండింటి మధ్య తేడా అలాగే మిగులుతుంది.

రెండు డ్రైవర్ల స్పీకర్లలో ఈ ఎగుడుదిగుడు రావడానికి మామూలు కారణం ఒకటుంది. ధ్వని తరంగం పొడవు డ్రైవర్ వెడల్పుకన్నా బాగా ఎక్కువైతే శబ్దం అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. తరంగం పొడవు తగ్గేకొద్దీ టార్చి వెలుగులా ఎదుటికే పోతుంది. ఆరున్నర అంగుళాల వూఫర్‌లో నిజంగా పనిచేసే కోన్ వెడల్పు 13 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 2,600 హెర్ట్జ్ శబ్దపు తరంగం పొడవూ అంతే. అంటే ట్వీటర్‌కు పగ్గాలు అప్పజెప్పే వేళకు వూఫర్ వ్యాప్తి బాగా ఇరుకైపోయి ఉంటుంది. అక్కడ మొదలయ్యే ఒక అంగుళం ట్వీటర్ మాత్రం అన్ని వైపులకూ వెదజల్లుతుంది. ఎదురుగా కొలిస్తే గీత తిన్నగానే ఉంటుంది. 45 డిగ్రీల పక్కకు జరిగి కొలిస్తే క్రాసోవర్ దగ్గర ఒక గుంట, దాని పైన ఒక గుట్ట.

దీనికి రెండు మూడు పరిష్కారాలున్నాయి. ట్వీటర్ చుట్టూ వేవ్‌గైడ్ అనే పళ్లెం ఆకారపు ఒంపు పెట్టి, దాని వ్యాప్తిని వూఫర్‌కు సరిపోయేలా ఇరుకు చేయొచ్చు. చిన్న వూఫర్ వాడి బాస్‌లో కొంత వదులుకోవచ్చు. లేదా గట్టి ట్వీటర్ తీసుకుని క్రాసోవర్‌ను కిందికి దించొచ్చు. బయటికి కనిపించే వేవ్‌గైడ్ ఉంటే పని అయిపోయినట్టు కాదు. సరిగ్గా చేయనిది కొత్త సమస్యలు తెస్తుంది. అందుకే ఫొటో చూసి నిర్ణయించకుండా కొలత చూడాలి.

కొలతలకు ఇప్పుడున్న ప్రామాణిక రూపం వెనక కొన్ని దశాబ్దాల పరిశోధన ఉంది. ఒటావాలోని కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ ప్రతిధ్వని లేని గదిలో స్పీకర్లను కొలిచి, అవే స్పీకర్లను తెర చాటున పెట్టి శ్రోతలకు వినిపించి, రెండింటికీ సంబంధం వెతికాడు. పీఎస్‌బీ, పారడైమ్, యాక్సియమ్ లాంటి కెనడా కంపెనీలు ఆ వాతావరణంలోనే ఎదిగాయి. 1991లో టూల్ హర్మన్ అనే ఆడియో సంస్థకు వెళ్లాడు. అక్కడ షాన్ ఆలివ్‌తో కలిసి ఆ పని కొనసాగింది. 2004లో ఆలివ్ ప్రచురించిన నమూనా 70 స్పీకర్ల కొలతల ఆధారంగా శ్రోతల ఇష్టాన్ని అంచనా వేసింది. అంచనాకు, వాస్తవానికి మధ్య సహసంబంధం 0.86 (పూర్తిగా కలిస్తే 1). ఆ ఇష్టంలో సుమారు 30 శాతం బాస్‌దే. అదే పరిశోధనలో భాగంగా, ఒక వినియోగదారుల పత్రిక 13 బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు ఇచ్చిన ‘కచ్చితత్వం’ మార్కులను తెర చాటు వినికిడితో పోల్చి చూశారు. అన్ని దిశల శబ్దశక్తిని కలిపేసి ఇచ్చిన ఆ మార్కులకు శ్రోతల ఇష్టంతో పొంతన కుదరలేదు. ఒకే అంకెలో నాణ్యత చెప్పాలనుకుంటే వచ్చే చిక్కు ఇదే.

ఈ పరిశోధన నుంచి వచ్చిన సీటీఏ-2034 ప్రమాణం ప్రకారం స్పీకర్‌ను అడ్డంగా, నిలువుగా పది డిగ్రీల చొప్పున తిప్పుతూ 70 కొలతలు తీస్తారు. వాటిని కొన్ని గీతలుగా కుదిస్తారు. ఈ బొమ్మను వాడుకలో స్పినోరామా అంటారు. క్లిప్పెల్ అనే జర్మన్ కంపెనీ తయారుచేసే స్కానర్ వచ్చాక ప్రత్యేకమైన గది లేకుండా కూడా ఈ కొలతలు తీయడం సాధ్యమైంది. దాంతో కంపెనీతో సంబంధం లేనివారు తీసిన కొలతలు కూడా చాలా మోడళ్లకు దొరుకుతున్నాయి.

బొమ్మను చదవడం అనుకున్నంత కష్టమేమీ కాదు. ఎదురుగా తీసిన గీత, వినే చోటు చుట్టుపక్కల తొమ్మిది కొలతల సగటు గీత దాదాపు తిన్నగా ఉండాలి. పక్కలకు, మొత్తం గదికి వెళ్లే శబ్దాన్ని చూపే గీతలు ఎడమ నుంచి కుడికి నునుపుగా వాలుతూ దిగాలి. వాలు ఎంతన్నది అభిరుచి మీద, గది మీద ఆధారపడుతుంది. నునుపు మాత్రం తప్పనిసరి. అన్ని గీతల్లోనూ ఒకే చోట సన్నని మొన కనిపిస్తే అది డ్రైవర్‌లోనో పెట్టెలోనో ఉన్న రెజొనెన్స్, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర మోగిపోవడం. ఎదుటి గీతలో ఉండి మిగతావాటిలో మాయమయ్యే చిన్న ముడతలు అంచుల దగ్గర శబ్దం చెదరడం వల్ల వచ్చేవి, వాటిని అంతగా పట్టించుకోనక్కర్లేదు.

నేరుగా అమ్మే కంపెనీ ఈ బొమ్మను తన పేజీలోనే పెట్టిందంటే వినే అవకాశం లేని కొనుగోలుదారుకు అది సగం దుకాణం ఇచ్చినట్టే. పెట్టని ప్రతి కంపెనీ దాస్తోందని అనలేం. ఎదురుగా తీసిన ఒక్క గీతను, అదీ బాగా నునుపు చేసి, నిలువు అక్షం మీద ఒక్కో గడికి 20 డెసిబెల్స్ చొప్పున నొక్కేసి చూపించే కంపెనీని మాత్రం అనుమానించడానికి కారణం ఉంది.

స్పెసిఫికేషన్ షీట్‌లోని అంకెలు

‘45 హెర్ట్జ్–20,000 హెర్ట్జ్’ అని రాసి పక్కన ‘ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్’ లాంటి హద్దు లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఒకరు 3 డెసిబెల్స్ పడిపోయిన చోటును రాస్తారు, మరొకరు 6, ఇంకొకరు 10. ఒకే స్పీకర్‌కు ఈ మూడు పద్ధతుల్లోనూ వేర్వేరు అంకెలొస్తాయి. కొందరు ‘గదిలో’ అన్న మాట చేర్చి గోడలిచ్చే సాయాన్ని కూడా తమ ఖాతాలో వేసుకుంటారు.

సెన్సిటివిటీలో మెలిక ఇంకొంచెం సూక్ష్మం. సాధారణంగా 2.83 వోల్టులు ఇచ్చి ఒక మీటర్ దూరంలో కొలుస్తారు. ఎనిమిది ఓముల స్పీకర్‌కు అది ఒక వాట్. నాలుగు ఓముల స్పీకర్‌కు రెండు వాట్లు. అంటే ఇంపెడెన్స్ (ఓముల్లో కొలిచే విద్యుత్ నిరోధం) తగ్గించి, అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాక్కుంటూ 3 డెసిబెల్స్ మెరుగ్గా కనిపించొచ్చు. ఆ భారం యాంప్లిఫయర్ మీద పడుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనిష్ఠ ఇంపెడెన్స్ ప్రకటించిన విలువలో 80 శాతం కన్నా తగ్గకూడదు. ఎనిమిది ఓములని రాస్తే 6.4 దిగువకు వెళ్లకూడదన్నమాట. ఈ నియమాన్ని పట్టించుకోని షీట్లు కోకొల్లలు.

సెన్సిటివిటీని పెంచి చూపే మరో దారి బాఫిల్ స్టెప్‌ను సరిచేయకుండా వదిలేయడం. ఎక్కువ ఫ్రీక్వెన్సీల శబ్దాన్ని పెట్టె ముందు పలక ఎదుటికి తోస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు పలకను చుట్టుకుని వెనక్కి కూడా పోతాయి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పెట్టెలో ఈ మార్పు 500, 600 హెర్ట్జ్ దరిదాపుల్లో జరుగుతుంది. దానికి పైనున్న శబ్దం 6 డెసిబెల్స్ దాకా ఎక్కువవుతుంది. క్రాసోవర్‌లో ఆ ఎక్కువను తగ్గిస్తే స్పీకర్ సమంగా పలుకుతుంది, సెన్సిటివిటీ అంకె తగ్గుతుంది. తగ్గించకపోతే అంకె ఘనంగా ఉంటుంది, గొంతు పలచబడుతుంది. 85, 86 డెసిబెల్స్ అని వినయంగా రాసిన చిన్న స్పీకర్ చాలాసార్లు నిజాయితీ ఉన్న స్పీకర్.

ఇక ‘20 నుంచి 200 వాట్లు’ లాంటి సిఫార్సు నుంచి తెలిసేది తక్కువ. లెక్క వేసుకోవడం నయం. 86 డెసిబెల్స్ స్పీకర్ల జతకు మూడు మీటర్ల దూరంలో కూర్చుని, సంగీతంలోని శిఖరాలు 95 డెసిబెల్స్ చేరాలంటే, గది ఇచ్చే సాయాన్నిబట్టి ఒక్కో స్పీకర్‌కు 16 నుంచి 35 వాట్లు సరిపోతాయి. సెన్సిటివిటీ 82 అయితే దీనికి రెండున్నర రెట్లు కావాలి. మామూలు గదికి మామూలు యాంప్లిఫయర్ చాలన్నమాట. పెద్ద హాలు, తక్కువ సెన్సిటివిటీ కలిసినప్పుడే ఇబ్బంది.

పెట్టె లోపల ఏముంది

చిన్న కంపెనీలు డ్రైవర్లను సొంతంగా తయారుచేయడం అరుదు. నార్వేలోని సియాస్, డెన్మార్క్‌లోని స్కాన్-స్పీక్, ఇండోనేషియాలో తయారయ్యే ఎస్‌బీ అకూస్టిక్స్ లాంటివారి దగ్గర కొని, పెట్టె, క్రాసోవర్ తాము డిజైన్ చేసుకుంటాయి. ఆ పేర్లు ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. మంచి డ్రైవర్ అవసరమే. అయితే దాన్ని క్రాసోవర్ ఎలా కలిపిందన్నదే చివరికి వినిపిస్తుంది. ఖరీదైన డ్రైవర్లతో చెడిపోయిన డిజైన్లు ఉన్నాయి, మామూలు డ్రైవర్లతో కుదిరినవీ ఉన్నాయి.

క్రాసోవర్ ఫొటో చూస్తే కొంత తెలుస్తుంది. ట్వీటర్‌కు ఒకే కెపాసిటర్ తగిలించి చేతులు దులుపుకున్నారా, లేక రెండు డ్రైవర్లకూ పూర్తి సర్క్యూట్ ఉందా అన్నది కనిపిస్తుంది. అంతకుమించి కెపాసిటర్ బ్రాండ్ల మీద జరిగే చర్చకు ధ్వనితో సంబంధం తక్కువ. పెట్టె విషయానికొస్తే మందమైన ఎండీఎఫ్ (కలప పొడిని నొక్కి చేసిన పలక), లోపల అడ్డపట్టీలు ఉంటే పలకలు కంపించడం తగ్గుతుంది. వేళ్లతో కొట్టి చూసే పరీక్ష ఆత్మసంతృప్తికి పనికొస్తుంది గానీ తీర్పుకు చాలదు.

గది తీసుకునే వాటా

మామూలు ఇంటి గదిలో సుమారు 200, 300 హెర్ట్జ్ దిగువన శబ్దం తీరును గది కొలతలు, స్పీకర్ ఉన్న చోటు, కూర్చునే చోటు నిర్ణయిస్తాయి. స్పీకర్ ముందు భాగం వెనక గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం 143 హెర్ట్జ్ దగ్గర ఎదురు తిరిగి, నేరుగా వచ్చే శబ్దాన్ని చాలావరకు కొట్టేస్తుంది. అక్కడ గుంట పడుతుంది. ఎంత ఖరీదైన స్పీకరైనా దీన్ని తప్పించుకోలేదు. జరిపితే గుంట మరో ఫ్రీక్వెన్సీకి మారుతుంది.

పోర్టు వెనక ఉంటే గోడకు దగ్గరగా పెట్టకూడదన్న మాట తరచూ వినిపిస్తుంది. పోర్టు మూసుకుపోకుండా కొన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటే గాలికి ఇబ్బంది లేదు. గోడ దగ్గర బాస్ ఉబ్బడం ముందు పోర్టు ఉన్నవాటిలోనూ, పోర్టు లేనివాటిలోనూ ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీల్లో శబ్దం అన్ని వైపులకూ పోతుంది కాబట్టి గోడ దాన్ని వెనక్కి తోస్తుంది. గోడకు దగ్గరగా పెట్టక తప్పనివారికి బాస్ మెల్లగా తగ్గే మూసిన పెట్టె గానీ, పోర్టుకు స్పాంజి బిరడా ఇచ్చే మోడల్ గానీ మేలు.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. వూఫర్, ట్వీటర్ ఒకదానిపై ఒకటి ఉన్నప్పుడు వాటి శబ్దాలు చెవి ఎత్తులోనే సరిగ్గా కలుస్తాయి. పైకో కిందికో పోతే క్రాసోవర్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్పీకర్‌ను పడుకోబెడితే ఆ దోషం అడ్డంగా మారి, సోఫాలో పక్కన కూర్చున్నవారికి వినిపిస్తుంది. అందుకే మంచి స్టాండ్ల ఖర్చును మొదటి నుంచే బడ్జెట్‌లో కలుపుకోవాలి. దుకాణదారుడైతే ఈ మాట గుర్తుచేసి స్టాండ్లు కూడా అమ్మేవాడు.

ట్రయల్ గడువు: షరతులు, వాడుక

1994లో టూల్, ఆలివ్ ప్రచురించిన ఒక ప్రయోగంలో హర్మన్ ఉద్యోగులు 40 మంది నాలుగు స్పీకర్లను రెండు విధాలుగా విన్నారు, చూస్తూ ఒకసారి, తెర చాటున ఒకసారి. చూస్తూ విన్నప్పుడు పెద్దవి, ఖరీదైనవి మార్కులు పెంచుకున్నాయి, చిన్న ప్లాస్టిక్ సెట్టు మార్కులు పోగొట్టుకుంది. తెర వెనక ఆ తేడా బాగా తగ్గిపోయింది. శబ్దంతో రోజూ పనిచేసే కంపెనీలో ఉన్నవారే ఇలా ప్రభావితులయ్యారంటే, కొత్త స్పీకర్ పెట్టె విప్పిన ఉత్సాహంలో ఇచ్చే తీర్పు ఎంతవరకు నిలుస్తుందో ఊహించొచ్చు.

ట్రయల్‌లో పోలిక సరిగ్గా జరగాలంటే రెండు స్పీకర్ల శబ్దస్థాయి సమానంగా ఉండాలి. ఒక డెసిబెల్ తేడా ‘ఎక్కువ శబ్దం’ అనిపించదు, ‘మెరుగైన స్పష్టత’ అనిపిస్తుంది. పింక్ నాయిస్ (పరీక్షకు వాడే ‘హుష్’ లాంటి శబ్దం) వేసి, కూర్చునే చోట ఫోన్ యాప్‌తో కొలిచి సరిచేసుకుంటే చాలు, పోలిక వరకు ఫోన్ కచ్చితత్వం సరిపోతుంది. ఒక్కో స్పీకర్‌ను మోనోలో, అంటే ఒంటరిగా, వింటే లోపాలు త్వరగా పట్టుబడతాయి. స్టీరియో విశాలత చాలా తప్పుల్ని కప్పేస్తుంది.

‘వంద గంటలు వాడాక గొంతు విచ్చుకుంటుంది’ అన్న సలహాను అలాగే తీసుకోనక్కర్లేదు. వూఫర్ సస్పెన్షన్ (కోన్‌ను పట్టి ఉంచే మెత్తని భాగం) మొదట్లో కొంచెం సడలే మాట నిజమే. ఆ మార్పు చిన్నది, త్వరగా స్థిరపడుతుంది. ఎక్కువగా మారేది వినేవారి అలవాటు. ఈ సలహా పాటించేసరికి ముప్పై రోజుల గడువులో పెద్ద భాగం కరిగిపోతుంది. విచ్చుకున్న స్పీకర్ ప్రతిసారీ మెరుగే అవుతుందని, ఎప్పుడూ చెడిపోదని చెప్పడం కూడా ఆలోచించదగ్గ విషయమే.

షరతుల్లో చూడాల్సినవి: గడువు డెలివరీ నుంచి మొదలవుతుందా లేక ఆర్డర్ నుంచా, వెనక్కి పంపే రవాణా ఎవరిది, రీస్టాకింగ్ ఫీజు (వెనక్కి తీసుకున్నందుకు కోసే మొత్తం) ఉందా, అసలు ప్యాకింగ్ తప్పనిసరా, వేరే దేశానికి పంపితే ఇదే హామీ వర్తిస్తుందా. చివరిదాన్ని చాలామంది చూడరు. సరిహద్దు దాటి వచ్చిన జతను వెనక్కి పంపే ఖర్చు కొన్నిసార్లు స్పీకర్ విలువలో పెద్ద వాటాకు చేరుతుంది. కట్టిన సుంకం తిరిగిరావడం మరో తతంగం. అలాంటప్పుడు ట్రయల్ కాగితం మీద హామీ మాత్రమే. కొలతల బొమ్మను మరింత జాగ్రత్తగా చదవడం తప్ప దారి లేదు.

ఎన్నేళ్లు నిలుస్తుంది

ప్యాసివ్ స్పీకర్లకు, అంటే యాంప్లిఫయర్ విడిగా కావాల్సినవాటికి, అయిదేళ్ల వారంటీ ఈ రంగంలో మామూలే. వారంటీ తర్వాత ప్రశ్న విడిభాగాలది. వూఫర్ అంచుకు రబ్బరు ఉంటే చాలా ఏళ్లు నిలుస్తుంది, ఫోమ్ అయితే పదిహేను ఇరవై ఏళ్లలో పొడి రాలిపోతుంది. బయట దొరికే డ్రైవర్లు వాడిన స్పీకర్‌కు కంపెనీ మూతపడినా మరమ్మతు దొరుకుతుంది. తన కోసమే ప్రత్యేకంగా చేయించుకున్న డ్రైవర్లైతే కంపెనీ ఉన్నంతకాలమే. నేరుగా అమ్మే సంస్థల్లో చాలావరకు చిన్నవి కాబట్టి ఈ తేడా ఇక్కడ ఎక్కువ బరువు తూగుతుంది.

యాంప్లిఫయర్ లోపలే ఉన్న యాక్టివ్ స్పీకర్ల సంగతి ఇంకో మెట్టు. ప్రతి డ్రైవర్‌కు వేరే యాంప్లిఫయర్, డిజిటల్ క్రాసోవర్ ఉండటంతో చిన్న పెట్టె నుంచి మరింత సమంగా, కొంచెం లోతుగా బాస్ రాబట్టొచ్చు. యాంప్లిఫయర్ విడిగా కొనక్కర్లేదు కాబట్టి మొత్తం ఖర్చులో కలిసొస్తుంది కూడా. బదులుగా, ప్యాసివ్ స్పీకర్‌లో లేని ఎలక్ట్రానిక్స్ వచ్చి చేరతాయి. వైర్‌లెస్ భాగం పాతబడుతుంది, యాప్‌కు అప్‌డేట్లు ఆగిపోతాయి, పవర్ బోర్డు పోతే కంపెనీయే దిక్కు. యాక్టివ్ వైపు మొగ్గేవారు కనీసం ఒక అనలాగ్ ఇన్‌పుట్ ఉన్న మోడల్ తీసుకుంటే, యాప్ పనిచేయడం మానేసినా స్పీకర్ పలుకుతుంది.